ఇస్త్రీ చేసిన ఫోన్

ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు, మధ్యాహ్నం దాటిన వేళ. బల్లకి అవతల కొట్టు నడిపే ఆవిడ. చేతికి పని తగిలితే ఆవిడ నోరు ఊరుకోదు. ఇవతల స్టూలు మీద ఒక దర్జీ, మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చాడు. ఏదడిగినా ఒక్క ముక్కతో తేల్చేసే మనిషి. ఇద్దరి మధ్యా తడిసిన ఫోన్ ఒకటి, వెనక మూత ఊడదీసి ఉంది.

"వాన అన్నారు కదా?"

"ఊఁ."

"ఎక్కడ కురిసింది అన్నయ్యా ఈ వాన? మా వీధిలో దుమ్ము లేస్తోంది."

"మా వైపు."

"మీ వైపు వాన నీలంగా కురుస్తుందా? ఇదిగో, ఈ భూతద్దం కింద పెట్టి చూడండి. బోర్డంతా నీలం."

"బకెట్టు."

"ఆఁ?"

"బకెట్లో పడింది. గుడ్డ నానబెట్టిన బకెట్టు. కొత్త గుడ్డ, రంగు దిగింది."

"అలా చెప్పండి మరి. నేనేమన్నా కొడతానా? ఉత్త నీళ్లేనా, సబ్బేమన్నా కలిపారా?"

"ఉత్త నీళ్లే. కత్తిరించే ముందు ఒకసారి తడిపి ఆరేస్తాం. తర్వాత కుంచించుకుపోకుండా."

"లోపల ఎంతసేపుంది?"

"చెయ్యి పెట్టి తీసినంతసేపు."

"తీసి ఆన్ చేశారా?"

"లేదు."

"చార్జింగ్?"

"పెట్టలేదు. పెట్టకూడదని తెలుసు."

"బియ్యంలో పెట్టారా?"

"లేదు."

"అబ్బ, బతికించారు. నా దగ్గరికొచ్చే తడి ఫోన్లలో సగం పని గింజలు దులపడమే. మరి ఎలా ఆరబెట్టారు?"

"ఇంట్లో."

"ఇంట్లో ఎలా అన్నయ్యా?"

"ఫ్యాను... ఫ్యాను కింద."

"ఫ్యాను గాలికి ప్లాస్టిక్ కరుగుతుందా? ఈ కింది వైపు చూడండి. చార్జింగ్ పెట్టే కన్నం మూసుకుపోయింది. అంచు ఉబ్బింది. పొయ్యి మీద పెట్టారా ఏంటి?"

"పొయ్యి కాదు."

"మరి?"

"ఇస్త్రీ పెట్టె."

"ఏంటీ?"

"పైన పల్చటి గుడ్డ వేశాను. సన్నని వేడి మీదే."

"ఫోన్‌కి ఇస్త్రీ చేశారా?"

"తడిగా ఉంటే దాంతోనే ఆరుస్తాం కదా. చెయ్యి అలవాటు. కింది నుంచి మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి వాసన. తీసేశాను."

"నవ్వుతున్నానని ఏమీ అనుకోకండి. ఈ కొట్టు పెట్టినప్పట్నుంచి కుక్క నమిలిన ఫోన్ చూశాను, పిల్లాడు బురదలో పాతిపెట్టిన ఫోన్ చూశాను. ఇస్త్రీ చేసిన ఫోన్ ఇదే మొదలు. మడత కూడా పెట్టారా?"

"లేదు."

"మీరు నవ్వరా అన్నయ్యా?"

"బాగవుతుందా?"

"ముందు ఇది చెప్పండి. మీకు ఫోన్ కావాలా, ఫోన్లో ఉన్నది కావాలా?"

"ఉన్నది."

"ఫోటోలా?"

"కాదు."

"నంబర్లయితే సిమ్ములో కొన్ని..."

"సిమ్ము తీసి నా ఫోన్లో వేసుకున్నా. నంబర్లు కాదు. మాట్లాడినవి. రికార్డు అయినవి ఉన్నాయి, అవి."

"ఎప్పటికి కావాలి?"

"సాయంత్రానికి."

"ఏ సాయంత్రానికి?"

"ఈ సాయంత్రానికి."

"బాగుంది. ముంచి, ఉడికించి, ఇస్త్రీ చేసి తెచ్చి సాయంత్రానికి కావాలంటారు. ఒక్క నిమిషం... హలో, ఆఁ, మీదేనండీ, అద్దం రాలేదు ఇంకా. రేపు. రేపంటే రేపే, ఒట్టు... ఉండండి, కూర్చోండి అన్నయ్యా, నిలబడితే తొందరగా ఏం అవదు. ముందు బ్యాటరీ పీకేస్తా. తడిలో కరెంటు ఉంటే బోర్డుని అదే తినేస్తుంది. ఇంతకీ ఎవరిది ఈ ఫోన్? కవరు మీద పూలున్నాయి, మీది కాదులా ఉంది."

"మా ఆవిడది."

"ఇస్త్రీ సంగతి ఆవిడకి తెలుసా?"

"తెలీదు."

"చంపేస్తుంది మిమ్మల్ని."

"చంపదు."

"అంత మంచిదా? మా ఇంట్లో నేనైతే... సరే, లాక్ ఏంటి? నంబరా, గీతా?"

"లాక్ లేదు. తీసేసింది."

"ఈ రోజుల్లో లాక్ లేని ఫోనా! మొగుడి మీద అంత నమ్మకమా?"

"ఆసుపత్రిలో తీసేసింది. నీకు గుర్తుండదు, తడుముకుంటావు అని."

"అయ్యో, ఆసుపత్రిలో ఉందా? ఇప్పుడెలా ఉంది?"

"లేదు."

"అదే, తగ్గిందా అని."

"తగ్గడం కాదమ్మా. మనిషే లేదు. బ్యాటరీ పీకుతానన్నారు."

"పీకుతున్నా. అన్నయ్యా, చంపేస్తుంది గింపేస్తుంది అని ఏదో వాగాను."

"పర్లేదు. ఉంటే చంపేసేదే."

"ఏమైంది ఆవిడకి?"

"దగ్గు. దగ్గే అనుకున్నాం."

"ఎప్పుడు?"

"ఎండలకి ముందు."

"అంటే ఆవిడ గొంతు ఉందన్నమాట ఇందులో. వినడానికి."

"వినడానికి కాదు."

"మరెందుకు?"

"వినిపించడానికి."

"ఎవరికి?"

"బోర్డు కడుగుతారా ఇప్పుడు?"

"స్పిరిట్‌తో. ఇదిగో, పళ్లు తోముకునే బ్రష్షే. ఈ నీలం చూడండి ఎలా దిగుతోందో, జాకెట్టు గుడ్డలా. ఇలా తోమి, ఆ కరెంటు తొట్టిలో వేస్తే గుయ్ మంటూ అదే వదిలిస్తుంది మిగతాది. ఎవరికి వినిపించాలి అన్నయ్యా?"

"మా అత్తయ్యకి."

"ఆవిడ తల్లికా? పాపం, కూతురి గొంతు వినాలని ఉండదూ. అడిగిందా?"

"అడగలేదు. ఆవిడకి తెలీదు."

"ఏం తెలీదు?"

"మా ఆవిడ లేదని. మా బావ చెప్పొద్దన్నాడు. మా ఆవిడ అన్న. అత్తయ్య వాళ్ల దగ్గరే ఉంటుంది, వేరే ఊరు. గుండె బాలేదు, మంచం దిగలేదు. ఇప్పుడు చెబితే ఈవిడ కూడా పోతుంది, నాలుగు రోజులాగి నేనే చెబుతాలే అన్నాడు. చెప్పలేదు. మళ్లీ నాలుగు రోజులన్నాడు. అలాగే నడుస్తోంది."

"కూతురు రాలేదేమని అడగదా తల్లి?"

"నడుం జారింది, బస్సెక్కకూడదన్నారని చెప్పాడు."

"ఫోన్‌కేం నడుం అడ్డమా? ఫోన్ చెయ్యదా?"

"చేస్తుంది. రోజూ సాయంత్రం. ముందునుంచీ అలవాటు. మా ఆవిడ నంబరుకి."

"చేస్తే?"

"ఎత్తుతాను."

"ఎత్తి ఏం చెబుతారు?"

"నేను చెప్పను. మా ఆవిడే చెబుతుంది."

"అన్నయ్యా, నాకు ఒళ్లు జలదరిస్తోంది. సరిగ్గా చెప్పండి."

"మా ఆవిడ ఫోన్లో ప్రతి కాల్ కూడా రికార్డు అయ్యేటట్టు పెట్టుకుంది. మా కొట్టుకి వచ్చేవాళ్ల కోసం. ఫోన్లో కొలతలు చెబుతారు, జేబు వద్దంటారు, కుట్టాక వచ్చి జేబు పెట్టమన్నాను కదా అంటారు. మీ మాట మీరే వినండి అని పెట్టి వినిపించేది. నోరు మూసుకుని పట్టుకెళ్లేవాళ్లు."

"గట్టి మనిషే."

"ఊఁ. కస్టమర్లవే కాదు, అత్తయ్యతో మాట్లాడినవి కూడా అలాగే పడి ఉన్నాయి. అందులోంచి ముక్కలు కత్తిరించాను. కత్తిరించి నా ఫోన్లో వేసుకున్నా. అది పెడతాను."

"అంటే, ఆవిడ ఫోన్ మోగగానే..."

"ఎత్తి, స్పీకర్ పెట్టి, నా ఫోన్ దానికి ఎదురుగా పెడతాను. 'అమ్మా, చెప్పు' అంటుంది. 'తిన్నావా, మందులేసుకున్నావా' అంటుంది. ఆ తర్వాత పొడుగు ముక్క. ఒకరోజు అత్తయ్య ఏదో పెద్ద కథ చెప్పింది. మా ఆవిడ పొయ్యి దగ్గర పని చేసుకుంటూ ఊకొడుతూ ఉంది. ఊఁ, అవునా, ఊఁ, అని. మధ్యలో అత్తయ్య మాటలు తీసేసి ఆ ఊకొట్టినవన్నీ వరసగా అతికించాను. చివర, 'సరే అమ్మా, ఉంటాను.' అంతా ఒకటే ముక్క. నొక్కి వదిలేస్తే చాలు."

"ఆవిడ ఏదైనా అడిగితే? జవాబు?"

"అత్తయ్యకి చెవుడు. సగం వినపడదు. జవాబు కోసం ఆగదు, తన మానాన చెప్పుకుంటూ పోతుంది."

"మా అమ్మ ఫోన్ చేస్తే నేనూ అంతే. ఊఁ ఊఁ అంటూ స్క్రూలు తిప్పుకుంటా. ఆఖరికి ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తుండదు. మీ అత్తయ్య ఏం చెబుతుంది రోజూ?"

"తెలీదు."

"వినరా?"

"వినను."

"పక్కనే ఉంటారు కదా."

"నొక్కేసి వెళ్లి మిషనెక్కుతాను. తొక్కుతూ ఉంటే ఆ చప్పుడులో వినపడదు. ఇద్దరి గొంతులూ."

"ఏం కుడతారు ఆ టైములో?"

"ఏం కుట్టను. గుడ్డ ఉండదు. ఉత్తదే తొక్కుతాను."

"మరి ఆర్డర్లు?"

"తీసుకోవట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచి."

"కొట్టు మూసేశారా?"

"తలుపు సగం వేసుంటుంది. ఎవరన్నా వస్తే లేదంటాను."

"ఆర్డర్లు లేకపోతే బకెట్లో గుడ్డ ఎందుకు నానబెట్టారు?"

"అది అత్తయ్యకి. మంచం దిగుతూ పడింది, తుంటి ఎముక విరిగింది. రేపు పొద్దున ఆపరేషన్. వదులుగా, ముందువైపు గుండీలు పెట్టి ఒక గౌను కుట్టి పంపమని మా బావ చెప్పాడు. ఆసుపత్రివి ఒరుసుకుంటున్నాయట."

"కుట్టారా?"

"తడిపాను. అంతవరకే. అది ఇంకా బకెట్లోనే ఉంది."

"గుండె బాలేదన్నారు, ఆపరేషన్ అంటున్నారు."

"డాక్టరూ అదే అన్నాడట. మత్తిస్తాం, లేస్తే లేచినట్టు అని. మా బావ నిన్న ఫోన్ చేసి, అమ్మ భయపడుతోంది, చెల్లెలితో మాట్లాడాలంటోంది, రేపు సాయంత్రం చేస్తుంది, ఆ ముక్కల్లోంచే ఏదైనా ధైర్యం చెప్పించు అన్నాడు."

"ఎలా చెప్పిస్తారు? ఊఁ ఊఁ తప్ప లేదంటిరి."

"ఉంది. అత్తయ్యకి కళ్లలో శుక్లాలు తీసినప్పుడు మా ఆవిడ ఫోన్లో చెప్పింది. 'భయం లేదమ్మా, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది, నేనున్నాగా' అని. నేను పక్కనే ఉన్నా, గుండీలు కుడుతూ. అన్నది గుర్తుంది. ఆ కాల్ ఇందులో ఎక్కడో ఉంది. రాత్రి అదే వెతుకుతున్నా. ఒక్కొక్కటీ పెట్టి, కొంచెం విని, తీసేసి..."

"వినను అన్నారు కదా."

"అందుకే. చెవి దగ్గర పెట్టుకోకుండా దూరంగా పట్టుకున్నా. బకెట్టు పక్కన. ఒక దాంట్లో నవ్వింది. చెయ్యి జారింది. నీలం వదిలిందా?"

"వదిలింది అన్నయ్యా. ఇప్పుడు తొట్టిలోంచి తీసి ఆరబెడతా. ఇదీ వేడి గాలే, కానీ ఇస్త్రీ పెట్టె కాదు. చూశారా, ఎంత దూరం నుంచి పెడుతున్నానో."

"ఊఁ."

"ఒకటి అడగనా? తప్పుగా అనుకోకండి. చెప్పెయ్యొచ్చు కదా ఆవిడకి? ఎప్పటికైనా తెలియాల్సిందే."

"రేపు ఆపరేషన్."

"రేపటి సంగతి కాదు. ఇన్నాళ్లూ."

"చెప్పడం నా వల్ల కాదమ్మా. ఆవిడ దగ్గరే నేను పని నేర్చుకుంది. మీసాలు రాకముందు వెళ్లాను, గుండీల కాజాలు కుట్టడంతో మొదలుపెట్టించింది. అతుకు బయటికి కనపడితే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. పని వచ్చాక పిల్లనిచ్చింది. నా కూతుర్ని నీ చేతిలో పెడుతున్నాను అంది. ఆవిడకి ఏమని చెప్పను?"

"మీ తప్పేముంది అందులో?"

"దగ్గే కదా అన్నాను. నేనే అన్నాను."

"అలా అనుకోకూడదు అన్నయ్యా."

"అనుకోవట్లేదు. ఏమీ అనుకోవట్లేదు. పొద్దున లేస్తాను, సాయంత్రం దాకా కూర్చుంటాను, ఫోన్ మోగుతుంది, నొక్కుతాను. అంతే. ఏడుపు కూడా రాలేదు నాకు. అందరూ వింతగా చూశారు."

"తిన్నారా ఇవాళ?"

"తెలీదు."

"తిన్నారో లేదో తెలీదా?"

"టీ తాగాను. తాగాననుకుంటా."

"సరే, చూడండి ఇటు. మీటరు పెడుతున్నా. ఇది కుయ్ మంటే ఎక్కడో కాలినట్టు. ఇక్కడ మాట్లాడలేదు, మంచిది. ఇక్కడా లేదు. ఇక్కడ... కుయ్ మంది. ఇది చార్జింగ్ లైను, మీ ఇస్త్రీ ప్రసాదం. దీన్ని తీసేస్తా. చార్జింగ్ ఎక్కదు, కేబుల్ పెట్టి కంప్యూటర్లోకి లాగడానికీ ఉండదు. కానీ వేరే బ్యాటరీ పెడితే ఫోన్ లేవాలి."

"లేస్తుందా?"

"లేవాలి అన్నాను. లేస్తుంది అన్లేదు. ఫోన్ వంక చూడకండి అలా, దానికి భయమేస్తుంది."

"ఊఁ."

"అదిగో. అదిగో అన్నయ్యా, వణికింది! చెయ్యి పెట్టి చూడండి. వెలుగొచ్చింది. చూశారా?"

"చూశాను."

"కొంచెం సంతోషంగా చూడండి. ఎంత పెద్ద గండం గట్టెక్కిందో మీకు తెలుస్తోందా?"

"ఆ ఫోటో ఇంకా ఉంది."

"ఏ ఫోటో? ఓ, వెనకాల ఇదా. మిషనూ... ఇది మీరేగా? మిషను మీద తల పెట్టుకుని నిద్రపోతున్నారు."

"తనే తీసింది. ఆటపట్టించడానికి."

"రికార్డింగులు ఎక్కడుంటాయి? ఇదా, మైకు బొమ్మ? నొక్కుతున్నా. తెరుచుకోవట్లేదే. అయ్యో."

"ఏమైంది?"

"కింది సగం వేలు తీసుకోవట్లేదు. వేడికి చచ్చిపోయింది. పైన ఈ కాస్త పట్టీ మాత్రం పలుకుతోంది. బొమ్మని పైకి లాగుతా ఉండండి... ఆఁ, తెరుచుకుంది. అమ్మో, ఎన్ని ఉన్నాయో! అన్నిటికంటే కొత్తది పైన, పాతవి కింద. శుక్లాల కాల్ అంటే అడుగున ఎక్కడో ఉంటుంది."

"దిగలేమా?"

"దిగొచ్చు. ఈ పట్టీలోనే గోరంత గోరంత జరుపుకుంటూ పోవాలి. పట్టుబట్టి సాయంత్రం దాకా జరుపుతాను, నాకేం, చెయ్యి నొప్పి పుడితే మీరు జరపండి. కానీ ముందు శబ్దం వస్తోందో లేదో చూసుకోవాలి. కింది స్పీకర్ కూడా కాలిపోతే ఇందాక వేరేది అతికించాను, అది పలుకుతోందా అని. పైనున్నది ఒకటి పెడతా."

"పైనున్నది ఏది?"

"నిన్న సాయంత్రంది. పేరు 'అమ్మ' అని ఉంది. మీ అత్తయ్యదే కదా?"

"అది వద్దు."

"ఎందుకు?"

"అందులో ఏముండదు. నేను అతికించిన ముక్కే ఉంటుంది. నిన్న పెట్టింది."

"అంటే మీరు పెట్టేవి కూడా రికార్డు అవుతున్నాయన్నమాట ఈ ఫోన్లో, రోజూ."

"అవుతాయేమో. ఎప్పుడూ వినలేదు."

"శబ్దం చూడ్డానికే అన్నయ్యా. ఒక్క ముక్క. కావాలంటే మీరు బయట నిలబడండి."

"వద్దు. కానివ్వండి."

ఫోన్లోంచి ముందు గరగర, తరువాత దర్జీ భార్య గొంతు, ఆ వెనక దూరంగా మిషను తొక్కుతున్న చప్పుడు.

"అమ్మా, చెప్పు."

"పలుకుతోంది! స్పీకర్ పలుకుతోంది అన్నయ్యా. ఇది మీ ఆవిడేనా?"

"ఊఁ."

"తిన్నావా? మందులేసుకున్నావా?"

"ఆపనా?"

"శబ్దం బాగానే ఉంది కదా. ఆపండి."

"ఆగండి, చిన్న బటన్... వేలు తీసుకోవట్లేదు..."

"తిన్నానమ్మా. వేసుకున్నాను."

"ఇది మీ అత్తయ్యా? గొంతు ఎంత నీరసంగా ఉందో."

"ఊఁ. ఊఁ."

"ఇది మళ్లీ మీ ఆవిడ."

"ఊఁ. అవునా? ఊఁ."

"ఇదిగో, ఇప్పుడు దగ్గుతుంది."

"ఏంటి అన్నయ్యా, ఏమంది మీ అత్తయ్య?"

"ఖహ్, ఖహ్... ఏం లేదమ్మా, పొగ. ఊఁ."

"అన్నయ్యా... దగ్గక ముందే చెప్పింది ఆవిడ. ఎలా తెలుసు?"

"రోజూ ఇక్కడే దగ్గుతుంది నా తల్లి. రోజూ పొగే అంటుంది. మొదట్లో నేనూ నమ్మాను బాబూ. దీనికి దగ్గు తగ్గట్లేదు, మంచి మందేదైనా పంపరా అని మా వాడికి చెప్పాను. వాడు గుమ్మం అవతలికి పోయి ఏడ్చాడు. నేను చూడలేదనుకున్నాడు. ఆ రోజు తెలిసింది నాకు."

"ఊఁ. అవునా?"

"ఆపనా అన్నయ్యా? ఇదిగో, పవర్ పట్టుకుని నొక్కితే ఆగిపోతుంది. ఆపేస్తా."

"వద్దు. ఆపొద్దు."

"నా చెవుడు మీద మీకందరికీ ఎంత ధైర్యమో. మాట అందకపోవచ్చు గానీ మిషను చప్పుడు అందదా నాకు? బతుకంతా దాని మీదే కూర్చున్నదాన్ని. గుడ్డ పెట్టకుండా తొక్కుతున్నావని కూడా తెలుసు. ఖాళీ మిషను గలగలమంటుంది."

"ఊఁ. ఊఁ. అవునా?"

"నాకు తెలుసని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నువ్వు ఇది పెట్టడం మానేస్తావు. మానేస్తే మిషనెక్కవు. కొట్టు తెరవట్లేదట, ఎవరితోనూ మాట్లాడట్లేదట, మా వాడన్నాడు. ఈ కాసేపే కదా బాబూ నీ చప్పుడు వినపడేది."

"సరే అమ్మా, ఉంటాను."

"అయిపోయింది అన్నయ్యా, మీ ముక్క. కానీ కాల్ ఇంకా నడుస్తోంది. మిషను చప్పుడు ఇంకా వస్తోంది."

"నేను కాల్ ఆపను. ముక్క అయిపోయిందని మిషను దగ్గర నాకు తెలీదు కదా. తొక్కుతూనే ఉంటాను."

"ష్... ఏదో అంటోంది మళ్లీ."

"అది వెళ్లిపోయింది. నువ్వు మాత్రం తొక్కుతూనే ఉంటావు. రోజూ ఇంకాసేపు పట్టుకుని వింటాను. ఆహా, పిల్లాడు ఉన్నాడు, ఈ పూటకి ఉన్నాడు అనుకుని పెట్టేస్తాను. నేను ఫోన్ చేసేది అందుకే బాబూ. దాని కోసం కాదు."

"అన్నయ్యా, ఈ గుడ్డ తీసుకోండి. కళ్లు తుడుచుకోండి."

"నాకేం రావట్లేదు..."

"వస్తున్నాయి అన్నయ్యా. తుడుచుకోండి."

"ఎల్లుండి పొద్దున నన్ను లోపలికి తీసుకెళతారట. భయంగా ఉంది బాబూ. రేపు సాయంత్రం మళ్లీ చేస్తాను. దాన్ని పెట్టకు. మిషను ఆపేసి, భయం లేదత్తయ్యా అని నువ్వే చెప్పు."